ఆది లేని కుట్టు: కొన్న ప్యాటర్న్‌తో ఇంట్లో గౌను, మిగిలిన ముక్కలతో తాంబూలం సంచులు

జాకెట్టు కుట్టించడానికి వెళ్తే టైలర్ మొదట అడిగే మాట "ఆది తెచ్చారా అమ్మా?" అని. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు చేతిలో పెడితే చాలు, దాన్ని గుడ్డ మీద పరిచి, చాక్‌తో గీసి కత్తెర పెట్టేస్తాడు. కాగితం అవసరమే రాదు. అందుకే బజార్లో అమ్మే కుట్టు ప్యాటర్న్ అంటే మనలో చాలామందికి కొత్త. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి ముచ్చటపడి కొంటాం, ప్రింటు తీస్తాం, ముప్ఫై కాగితాల మీద అడ్డదిడ్డంగా పోతున్న గీతలు చూసి అలమరలో పెట్టేస్తాం. నేను ఏడాది పాటు అలాగే పెట్టుకున్నాను.

తీరా చూస్తే ప్యాటర్న్ కూడా ఆదే. కాకపోతే అది మీ ఒంటి ఆది కాదు. కంపెనీ వాళ్లు ఓ సగటు ఒళ్లు అనుకుని దానికి గీసిన ఆది. దాన్ని మీ ఒంటికి తెచ్చుకోవడమే అసలు పని, మిషను తొక్కడం అందులో చిన్న భాగం.

ఈ కాగితపు ఆది అమ్మకం పాతదే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం స్టెర్లింగ్ ఊళ్లో ఎబెనీజర్ బటరిక్ అనే దర్జీ 1863లో రకరకాల సైజుల్లో కాగితపు ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ బటరిక్ పేరు ప్యాటర్న్‌ల మీద నూరేళ్ల పైనే నిలిచింది. సింప్లిసిటీ, మెకాల్స్, వోగ్ కూడా ఆ అమెరికా బాపతే. జర్మనీలో ఏన్నె బుర్డా 1950లో మొదలుపెట్టిన బుర్డా పత్రికది ఇంకో దారి: పత్రికతో పాటే ప్యాటర్న్ షీట్లు వస్తాయి, ఒకే షీటు మీద పది డ్రస్సుల గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. మీకు కావలసిన గీత వెతుక్కుని ట్రేస్ చేసుకోవాలి. మొదటిసారి చూస్తే ముగ్గు మీద ముగ్గు వేసినట్టుంటుంది. ఈ రెండు బాపతులకూ ఒక పెద్ద తేడా ఉంది, గుర్తుపెట్టుకోండి. అమెరికా కంపెనీల ప్యాటర్న్‌లో కుట్టుకి వదిలే గుడ్డ, అంటే మార్జిన్, కలిపే ఉంటుంది, మామూలుగా 1.5 సెంటీమీటర్లు. బుర్డా పత్రిక షీట్లలో అది ఉండదు, మనమే చుట్టూ కలుపుకుని కత్తిరించాలి. ఈ సంగతి చూసుకోకపోతే బట్ట ఒంట్లోకే వెళ్లదు.

మొదట ఏం కుట్టాలి

జాకెట్టు వద్దు. చీర జాకెట్టు ఒంటికి అతుక్కుని ఉండాలి, డాట్లు, అంటే ఒంటి వంపు కోసం వేసే మడత కుట్లు, అంగుళంలో పావు వంతు జరిగినా తెలిసిపోతుంది. ప్యాంటు కూడా తర్వాత చూద్దాం. మొదటిసారికి నాలుగు నుంచి ఏడేళ్ల పాప గౌను మంచిది: చేతుల్లేకుండా, పై భాగానికి లైనింగ్, కింద కుచ్చులు, వెనక గుండీలు. గుడ్డ తక్కువ పడుతుంది, వదులు ఎక్కువ ఉంటుంది, చిన్నచిన్న తప్పులు కుచ్చుల్లో కలిసిపోతాయి. పాప లేని ఇంట్లో మేనకోడలో పక్కింటి పిల్లో దొరకదా! నేను మా మేనకోడలికి కుట్టాను. ఇకపై చెప్పేదంతా ఆ గౌను లెక్కలోనే చెబుతాను.

కొలతలు, సైజు

ఇక్కడే పది నిమిషాలు ఎక్కువ కూర్చోండి.

ప్యాటర్న్ మీద ఉండే సైజు నంబరుకీ, షాపులో రెడీమేడ్ మీద ఉండే నంబరుకీ, పాప వయసుకీ సంబంధం లేదు. సింప్లిసిటీ లాంటి అమెరికా ప్యాటర్న్‌లో పిల్లల 6 సైజు అంటే ఛాతీ 25 అంగుళాలు, 3 సైజు అంటే 22. ఆ 6 చూసి ఆరేళ్ల పాపకి సరిపోతుందని అనుకోకండి. మా మేనకోడలికి అప్పుడు ఆరేళ్లు, ఛాతీ సరిగ్గా 22, పొడవు మాత్రం ఆరేళ్ల పిల్లదే. 6 సైజు కుట్టి ఉంటే అందులో ఇద్దరు పట్టేవాళ్లు.

కాబట్టి ఇలా చేయండి. పాపని పలుచటి బనీను మీద నిలబెట్టి నాలుగు కొలతలు తీయండి: చంకల కిందుగా ఛాతీ చుట్టూ, నడుం చుట్టూ, వెనక మెడ ఎముక దగ్గర్నుంచి నడుం దాకా, నడుం నుంచి గౌను ఎక్కడిదాకా రావాలో అక్కడిదాకా. పిల్లలకి నడుం ఎక్కడుందో తెలియదు. ఓ దారం నడుముకి వదులుగా కట్టి వంగమనండి, దారం తనంత తానే నడుం దగ్గర నిలుస్తుంది. టేపు బిగించకండి, కింద ఒక వేలు దూరాలి.

తర్వాత ప్యాటర్న్ కవరు వెనక ఉన్న పట్టికలో ఛాతీ కొలత దగ్గర ఉన్న సైజే తీసుకోండి. పొడవు తర్వాత పెంచుకోవచ్చు. భుజాలు, మెడ, చంక పెద్దవైతే మాత్రం సరిచేయడం కష్టం. అందుకే ఛాతీకి 3 సైజు తీసుకుని, 6 సైజు నడుం పొడవుతో పోల్చి, నేను పై భాగాన్ని ఒకటిన్నర అంగుళం పొడిగించాను.

పట్టికలో రెండు రకాల కొలతలు కనిపిస్తాయి. ఒకటి ఒంటి కొలత, రెండోది కుట్టిన తర్వాత బట్ట కొలత. ఈ రెండింటి మధ్య తేడానే వదులు. మా ప్యాటర్న్‌లో ఒంటికి 22 అయితే బట్టకి 24న్నర, అంటే వదులు రెండున్నర. ఇంట్లో పాపకి బాగా కుదిరిన గౌను ఏదైనా ఉంటే నేల మీద పరిచి, చంకల కింద ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి రెండింతలు చేయండి. ఆ అంకె బట్ట కొలతకి దగ్గరగా ఉంటే మీరు సరైన సైజు మీదే ఉన్నట్టు. టైలర్ అడిగే ఆది ఇక్కడ పనికొచ్చింది చూశారా!

పెద్దవాళ్ల బట్టలకి ఇంకో మెలిక ఉంది. అమెరికా ప్యాటర్న్‌లో ఆడవాళ్ల 12 సైజు అంటే ఛాతీ 34, నడుం 26న్నర, తుంటి 36. షాపులో కొనే సైజు కంటే 2 సైజులు ఎక్కువ వచ్చాయని బెంగపడక్కర్లేదు, అది వాళ్ల లెక్క అంతే. ఛాతీ నిండుగా ఉన్నవాళ్లు ఛాతీ కొలతని బట్టి సైజు ఎంచుకుంటే భుజాలు జారిపోతాయి. చంకల కిందుగా, ఛాతీకి పైన టేపు పెట్టి తీసిన కొలతతో సైజు తీసుకుని, ముందు భాగంలో మాత్రం వెడల్పు పెంచుకోవడం మేలు.

ప్రింటు

కవర్లో వచ్చే పల్చటి కాగితం ప్యాటర్న్‌లు మన దగ్గర అంత తేలిగ్గా దొరకవు. మనలో ఎక్కువమంది కొనేది పీడీఎఫ్. ఇక్కడే నా మొదటి గౌను పోయింది.

దాదాపు ప్రతి పీడీఎఫ్ ప్యాటర్న్‌లోనూ మొదటి పేజీల్లో ఒకచోట, ప్రింటు సరైన సైజులో వచ్చిందో లేదో కొలిచి చూసుకోవడానికి, చిన్న చదరం ఉంటుంది. నా దాంట్లో అది 2 అంగుళాలది. ప్రింటు తీశాక స్కేలు పెట్టి కొలిస్తే 1 అంగుళం 7 గీతలు వచ్చింది, అంగుళానికి ఎనిమిది గీతల లెక్కన ఒక్క గీత తక్కువ. "ఒక్క గీతకి ఏమవుతుందిలే" అనుకుని కుట్టేశాను. ప్రింటరు పేజీకి సరిపెట్టడానికి మొత్తాన్ని నూటికి 94 పాళ్లకి కుదించిందన్నమాట. 24న్నర రావలసిన గౌను 23 వచ్చింది. రెండున్నర అంగుళాల వదులులో ఒకటిన్నర కాగితం మీదే ఎగిరిపోయింది. పాప చేతులు పైకెత్తితే గౌను కూడా పైకెత్తుకుంది. ఇప్పుడది ఇంట్లో బొమ్మకి వేసి ఉంది.

కాబట్టి ప్రింటు ఇచ్చేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్నది తీసేసి, "అసలు సైజు" లేదా 100 శాతం పెట్టండి. ముందు ఆ చదరం ఉన్న పేజీ ఒక్కటే తీసి కొలవండి. సరిగ్గా వస్తేనే మిగతావి. అమెరికా వాళ్ల లెటర్ సైజు కాగితం మన ఏ4 కంటే కాస్త వెడల్పు, కాస్త పొట్టి. ఫైల్లో ఏ4 వేరుగా ఉంటే అదే తీసుకోండి. ఏ0 ఫైలు కూడా ఇచ్చి ఉంటే ఇంకా సుఖం: ఇంటి ప్లాన్లు ప్రింటు తీసే జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద ఒకేసారి వచ్చేస్తుంది, అతికించే పని ఉండదు. అక్కడ కూడా చదరం కొలిచాకే డబ్బులివ్వండి.

ఏ4 కాగితాలు అతికించేటప్పుడు ప్రతి పేజీకీ కుడి పక్కా, కింది పక్కా మాత్రమే అంచు కత్తిరించండి, మిగతా రెండు వైపులా తెల్ల అంచు ఉండనివ్వండి. గుర్తు మీద గుర్తు కూర్చోబెట్టి అతికించవచ్చు. నేల మీద కూర్చుని ఒక్కో వరస అతికించి, తర్వాత వరసల్ని కలపండి. ఫ్యాను ఆపేయండి, ఇది అనుభవం మీద చెబుతున్నాను.

తర్వాత మీ సైజు గీతని రంగు పెన్నుతో దిద్దుకోండి. ప్రింటు కాగితాన్ని కత్తిరించకుండా, దానిమీద బటర్ పేపర్ పెట్టి మీ సైజు మాత్రం ట్రేస్ చేసుకుంటే వచ్చే ఏడాది పెద్ద సైజుకి అదే పనికొస్తుంది. ఆ ఫైలు వాట్సాప్ గ్రూపులో పంచకండి. గీసినవాళ్లు చాలామంది చిన్న చిన్న వాళ్లే, అదే వాళ్ల కూడు. కుట్టి అమ్ముదామనుకుంటే ముందు వాళ్ల షరతులు చదవండి. కొందరు ఇంటి వాడకానికి మాత్రమే ఒప్పుకుంటారు.

గీతల భాష

కాగితం మీద ఉండే గుర్తులు పది పన్నెండుకి మించవు. పొడవాటి బాణం గుడ్డ పడుగు దిశ, అంటే అంచుకి సమాంతరంగా పోవలసిన గీత. రెండు కొనలూ లోపలికి వంగిన బాణం ఉంటే ఆ వైపు గుడ్డ మడత మీద పెట్టాలి, అక్కడ కత్తెర వేయకూడదు. అంచు మీద చిన్న ముక్కోణాలు జత కలిపే గుర్తులు. మామూలుగా ఒకటి ఉంటే ముందు భాగం, రెండు ఉంటే వెనక. చేయి తిప్పి కుట్టేయకుండా ఇవే కాపాడతాయి. పై భాగానికి అడ్డంగా దగ్గరదగ్గరగా రెండు గీతలుంటాయి, పొడవు పెంచాలన్నా తగ్గించాలన్నా అక్కడే. నేను ఆ గీతల మధ్య కాగితం కోసి, రెండు ముక్కల్నీ ఒకటిన్నర అంగుళం ఎడం చేసి, మధ్యలో వేరే కాగితం అతికించాను. ముందు భాగానికి ఎంత పెంచితే వెనక భాగానికీ, లైనింగ్‌కీ అంతే పెంచాలి. ఇది మర్చిపోతే పక్క కుట్టు దగ్గర ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

మన పద్ధతి ఒకటి ఇందులో కలపండి. మన టైలర్లు పక్క కుట్లలో అంగుళం, అంగుళంన్నర గుడ్డ లోపల వదులుతారు, తర్వాత విప్పి వదులు చేసుకోవడానికి. ప్యాటర్న్ వాళ్లు 1.5 సెంటీమీటర్లే వదులుతారు. పెరిగే పిల్లకి అది చాలదు. పక్క కుట్ల దగ్గర మాత్రం మరో అంగుళం కలిపి గీసుకోండి, కుట్టేది మాత్రం ప్యాటర్న్ గీత మీదే. మెడ దగ్గరా, చంక దగ్గరా కలపకండి.

గుడ్డ

ప్యాటర్న్ కవరు మీద గుడ్డ ఎంత కావాలో గజాల్లో ఉంటుంది. వాళ్ల యార్డూ మన గజమూ ఒకటే, 36 అంగుళాలు. మీటరు అంతకంటే మూడంగుళాల పైన ఎక్కువ. 2 గజాలంటే 1.83 మీటర్లు. అలాగే పన్నా, అంటే గుడ్డ వెడల్పు, చూసుకోవాలి. పట్టికలో 45, 60 అంగుళాల పన్నాలకి వేరువేరుగా రాస్తారు. మన కాటన్లు 44 ఉంటాయి, చేనేతల్లో అంతకంటే తక్కువ పన్నావీ ఉంటాయి. పన్నా తక్కువైతే గుడ్డ పావు మీటరో అర మీటరో ఎక్కువ కొనండి, ఉతికితే కుదించుకుపోయేది కూడా అందులోనే వస్తుంది.

మొదటిసారికి పాప్లిన్, కేంబ్రిక్, మంగళగిరి కాటన్ బాగుంటాయి. చేతికింద జారవు, ఇస్త్రీ పెడితే మడత నిలుస్తుంది. జార్జెట్, శాటిన్ మీద మొదటిసారే చేయి వేయకండి. పెడన కలంకారీ అచ్చు గుడ్డ చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే. అయితే అచ్చులో నెమళ్లో, చెట్లో ఉంటే అన్ని ముక్కలూ ఒకే దిక్కుకి తల పెట్టాలి. లేకపోతే ముందు నెమలి నిలబడి ఉంటుంది, వెనక నెమలి తలకిందులుగా వేలాడుతుంది. అలా పెడితే గుడ్డ ఎక్కువ పడుతుంది, అందుకు తగ్గట్టు కొనుక్కోండి. పోచంపల్లి ఇక్కత్ అయితే రెండు ముక్కల డిజైను కలిసేది కత్తిరించే గీత దగ్గర కాదు, కుట్టే గీత దగ్గర అని గుర్తుంచుకుని పరుచుకోవాలి.

కొన్న గుడ్డ నేరుగా కోయకండి. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉతికి, నీడన ఆరేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేయండి. లైనింగ్‌కీ ఇదే. ముదురు రంగు గుడ్డ నీళ్లలో ఉప్పు వేయాలంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఉప్పు వేసినా వేయకపోయినా, నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకడమే అసలు పని. ఎర్ర కలంకారీకి తెల్ల లైనింగ్ వేసి, ఈ ఉతుకు మానేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పాత దుప్పటితో ట్రయల్

ఈ మెట్టు అందరూ ఎగరేస్తారు. ఎగరేయకండి. పాత దుప్పటో, వెలిసిన పంచో తీసుకుని గౌను పై భాగం మాత్రం కత్తిరించండి, లైనింగ్ అక్కర్లేదు. మిషను కుట్టు పొడవు బాగా పెంచి, భుజాలూ పక్కలూ కలిపేయండి. మెడ, చంక అంచులు అలాగే ఉంచి, మార్జిన్ గీత పెన్సిలుతో గీయండి. పాపకి తొడిగి వెనక గుండు సూదులకి బదులు పిన్నీసులు పెట్టండి. ఓ చాక్లెట్ చేతిలో పెడితే రెండు నిమిషాలు కదలకుండా నిలబడుతుంది, అంతకంటే ఆశించకండి.

ఏం చూడాలంటే: మెడ ముందు తేలి నిలబడుతుందా, చంక కింద కోస్తుందా, నడుం కుట్టు నడుం మీదే ఉందా, చేతులు పైకెత్తితే గుడ్డ లాగుతుందా. మెడ తేలితే తేలిన చోట వేళ్లతో చిటికెడు మడిచి ఎంత వచ్చిందో కొలిచి, కాగితం మీద అదే చోట అంతే మడిచి అతికించండి. చంక కోస్తే కింది వంపు పావు అంగుళం లోతు చేయండి, అంతకంటే ఒక్కసారిగా వద్దు. సరిచేసిందల్లా కాగితం మీద వెంటనే రాయండి. ఈ కాగితం ఇప్పుడు మీ ఇంటి ఆది.

కత్తిరించడం

గుడ్డని అంచుకి అంచు కలిపి, మంచి వైపు లోపలికి ఉండేలా మడవండి. మడత దగ్గర ముడతలుంటే అంచులు జరిపి సరిచేయండి. ప్యాటర్న్ పెట్టాక బాణం గీత రెండు కొనల నుంచీ గుడ్డ అంచుకి టేపుతో కొలవండి, రెండు చోట్లా ఒకటే రావాలి. పై కొన దగ్గర 6, కింది కొన దగ్గర 6న్నర వస్తే ఆ ముక్క కొంచెం క్రాస్ మీద, అంటే ఏటవాలుగా, పడిందన్నమాట. నాలుగు ఉతుకులకి గౌను ఒక పక్కకి తిరుగుతుంది. కంటికి తిన్నగానే ఉందని వదలకండి.

గుండు సూదులు మార్జిన్ లోపల గుచ్చండి, లేదా కాగితం మీద చిన్న బరువులు పెట్టండి. మా ఇంట్లో ఆవకాయ జాడీ మూతలు ఆ పని చేస్తాయి. గుడ్డని ఎత్తకుండా, కత్తెర కింది రెక్క బల్లకి ఆనించి, పొడుగు కోతలు కోయండి. గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోస్తే కత్తెర పదును పోతుంది. ఇంట్లో వాళ్లకి ఈ సంగతి గట్టిగానే చెప్పాలి.

ముక్కోణాల గుర్తుల దగ్గర అంచు మీద 3 మిల్లీమీటర్ల గాటు చాలు. కోశాక వెంటనే ప్రతి ముక్క లోపలి వైపు చాక్‌తో "ముందు", "వెనక", "లైనింగ్" అని రాయండి. సాదా గుడ్డకి మంచి వైపు ఏదో పది నిమిషాల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

కుట్టడం

సూది కొత్తది వేయండి. సన్నటి కాటన్‌కి 11, మామూలు కాటన్‌కి 14, మందపు గుడ్డకి 16 నంబరు. ఇంటి మిషను సూదికి పైన ఒక పక్క చదునుగా ఉంటుంది. పాతది తీసేటప్పుడే ఆ చదును ఎటు ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టండి. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. పాత నల్ల మిషన్లకి పళ్లెం మీద కొలత గీతలుండవు, సూది నుంచి 1.5 సెంటీమీటర్ల దూరంలో రంగు టేపు అతికిస్తే గుడ్డ అంచు దాని వెంట నడుస్తుంది.

ప్యాటర్న్‌తో పాటు వచ్చే కాగితంలో వరస ఉంటుంది, దాన్నే పాటించండి. ఈ రకం గౌనుకి వరస మామూలుగా ఇలా ఉంటుంది.

1. ముందుగా మెడ వంపు అంచుకి దగ్గరగా ఒక కుట్టు వేయండి. వంపు గుడ్డ చేతిలో సాగిపోకుండా ఇది పట్టి ఉంచుతుంది.

2. పై గుడ్డ ముందు, వెనక భుజాలు కలపండి. లైనింగ్‌కి కూడా. మార్జిన్ రెండు వైపులకీ విప్పి ఇస్త్రీ పెట్టండి.

3. పై గుడ్డా లైనింగూ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి మెడ, వెనక గుండీల అంచులు, చంకలు కుట్టండి. పక్కలు మాత్రం ఇప్పుడు కుట్టకూడదు. కుట్టాక మెడ, చంక మార్జిన్ పావు అంగుళానికి కత్తిరించి, వంపులో అర అంగుళానికొకటి చొప్పున కుట్టు దాకా గాట్లు పెట్టండి. కుట్టు తెగకూడదు. ఈ గాట్లు లేకపోతే తిప్పాక మెడ ముడుచుకుపోతుంది.

4. వెనక భాగాలు రెండిటినీ ఒక్కోటిగా భుజం సందులోంచి ముందు వైపుకి లాగండి. మొదటిసారి ఇది ఇంద్రజాలంలా ఉంటుంది, గుడ్డంతా తిరగబడి మెడా చంకలూ శుభ్రంగా వచ్చేస్తాయి. రాకపోతే పక్కలు కుట్టేసి ఉంటారు, విప్పండి.

5. ఇప్పుడు పక్కలు: పై గుడ్డ మొదలుపెట్టి చంక కుట్టు మీదుగా లైనింగ్ దాకా ఒకే గీత. చంక దగ్గర రెండు కుట్లూ ఎదురెదురుగా కలవాలి, అక్కడ గుండు సూది తప్పదు.

6. కింది భాగం పై అంచుకి మిషను కుట్టు పొడవు పెంచి రెండు వరసలు వేయండి, కొనల్లో దారాలు వదలండి. కింది దారాలు రెండూ పట్టుకుని లాగితే కుచ్చులొస్తాయి. నాలుగు భాగాలు చేసి, నడుముని కూడా నాలుగు భాగాలు చేసి, భాగానికి భాగం కలిపితే కుచ్చులు ఒకచోట గుట్టపడవు. పై గుడ్డకి మాత్రమే కలిపి కుట్టి, లైనింగ్ అంచు లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేయండి. వెనక చీలిక ఎలా పెట్టాలో మీ ప్యాటర్న్ కాగితం చెబుతుంది.

7. కాజాలు కుట్టడం రాకపోతే దిగులొద్దు, కాజా బటన్ కుట్టే షాపు దాదాపు ప్రతి ఊళ్లో ఉంటుంది. టిచ్ బటన్లు కుట్టినా సరే. కింది అంచు రెండు అంగుళాలు మడిచి కుట్టండి. వచ్చే సంక్రాంతికి ఒక అంగుళం దించుకోవచ్చు.

ప్రతి కుట్టూ పడ్డాక, దాన్ని దాటుకుంటూ ఇంకో కుట్టు వేయకముందే ఇస్త్రీ పెట్టాలి. పెట్టెని రుద్దకుండా, ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి. ఇంట్లో కుట్టిన బట్ట ఇంట్లో కుట్టినట్టు కనిపించడానికి కారణం చాలాసార్లు కుట్టు కాదు, ఈ ఇస్త్రీ లేకపోవడం.

ఇక తాంబూలం సంచులు

గౌను గుడ్డ మిగిలితే సరే, లేకపోయినా ప్రతి ఇంట్లో పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువా నిండా ఉంటాయి. మనమెవరమూ కుట్టించుకోం, ఇంకో పేరంటంలో ఇంకొకరికి ఇచ్చేస్తాం. వాటితో లాగు తాడు సంచులు కుడితే శ్రావణ శుక్రవారానికి తాంబూలం అందులోనే పెట్టి ఇవ్వచ్చు. ప్యాటర్న్ కొనక్కర్లేదు. నేను మొదట కొన్న ప్యాటర్న్ ప్రకారం కుడితే సంచి ఏడంగుళాల వెడల్పే వచ్చింది. ముద్దుగా ఉంది, అందులోకి కొబ్బరికాయ పోలేదు. గీసినవాళ్ల ఊళ్లో వాయనం ఇవ్వరు కదా!

కొబ్బరికాయ పట్టే లెక్క ఇది. సంచికి 11న్నర అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు ముక్క. 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క, పన్నా 36 ఉంటే మూడు సంచులొస్తాయి, కింద మిగిలిన ఏడున్నర అంగుళాల పట్టీలోంచి తాళ్లకి అంగుళంపావు వెడల్పున ఆరు ముక్కలు. ఒక్కో సంచికి రెండు తాళ్లు.

పొడవు చివరలు రెండిటి నుంచీ 2 ముప్పావు అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి. మంచి వైపు లోపలికి ఉండేలా మధ్యకి మడిచి, పక్కలు రెండూ మడత దగ్గర్నుంచి గుర్తు దాకా, అర అంగుళం మార్జిన్‌తో కుట్టి, గుర్తు దగ్గర రివర్స్ కుట్టు వేయండి. గుర్తుకి పైన ఉన్న మార్జిన్‌ని రెండు వైపులకీ మడిచి పైనుంచి కుట్టండి. ఇప్పుడు పై అంచుని పావు అంగుళం, ఆ తర్వాత అంగుళంపావు మడిచి, ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి విడివిడిగా కుట్టండి. గుండ్రంగా కుట్టేస్తే తాడుకి దారి ఉండదు. తాళ్లు పట్టీలు మడిచి కుట్టుకుని, పిన్నీసుకి తగిలించి, ఒకటి కుడి పక్క నుంచి చుట్టూ తిప్పి కుడి పక్కకే, రెండోది ఎడమ నుంచి ఎడమకే తెండి. రెండు పక్కలా లాగితే మూతి బిగుసుకుంటుంది.

పట్టు ముక్క అంచులు పోగులు పోతాయి. కుట్టే ముందే చుట్టూ ఓవర్‌లాక్ చేయించుకుంటే మంచిది.

చివరగా ఆ కాగితాలు. గౌను ట్రేసింగ్ ముక్కలన్నీ మడిచి ఒక కవర్లో పెట్టి, పైన పాప పేరు, తేదీ, ఛాతీ కొలత, ఎక్కడ ఎంత మార్చారో రాయండి. మా కవరు మీద "ఛాతీ 22, పొడవు +1½, చంక ¼ లోతు" అని ఉంది. దాని కింద నిన్న ఇంకో వరస చేరింది: "ఛాతీ 23¼, మెడ చాలదంటోంది."